ఆర్విల్ పట్టిన చేపలు

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు నెడ్రా విక్‌లైన్ పడవల రేవు పక్కన మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఫారన్‌హీట్ థర్మామీటరు ముంచి చూసింది. ఎనభై ఆరు. తీసి, ప్యాంటుకు తుడిచి, మళ్లీ ముంచింది. అంతే చూపించింది. రోవన్ నది జులైలో వేడెక్కడం కొత్త కాదు. కానీ స్నానానికి కాచిన నీళ్లలా ఇంత వెచ్చగా ఉండటం, చేపల శాఖలో ఆమె పనిచేసిన పంతొమ్మిదేళ్లలో ఎన్నడూ లేదు.

చేపలు పట్టే పోటీకి వెళ్లిన పడవలు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. పడవ రేవుకు తగలగానే మనిషి పడవలోని నీళ్ల తొట్టి మూత ఎత్తి, అందులో పొద్దుటి నుంచి దాచిన బాస్ చేపలను నీళ్లున్న ప్లాస్టిక్ సంచిలోకి తీసుకుని, సిమెంటు వాలు ఎక్కి, ఎండలో వరసలో నిలబడుతున్నాడు. వరస చివర చెక్క వేదిక, దాని మీద తూకం, తూకం పక్కన మైకుతో రస్ టోలివర్. చేపల క్లబ్బుకు అతనే అధ్యక్షుడు. ఊళ్లో పడవల షాపూ అతనిదే. తూకం అయిన ప్రతి చేపనూ కింది దవడ పట్టి పైకెత్తుతారు. ఫొటో తీస్తారు. ఒకే చేప రెండోసారి తూకానికి రాకుండా బల్ల దగ్గరున్న మనిషి దాని తోక మీద చిన్న మిషనుతో గుండ్రటి చిల్లు పొడుస్తాడు. ఆ తర్వాత తొట్టిలో వేసి, తొట్టి నిండగానే రేవు అంచున నీళ్లలోకి వంచుతారు. నిబంధన ప్రకారం అది బతికున్న చేపను నదికి తిరిగి ఇచ్చేయడం.

వంచిన చోటనే నెడ్రా నిలబడి ఉంది. కొన్ని చేపలు తోక విదిలించి లోతుకు పోయాయి. కొన్ని ఆమె బూట్ల మధ్యే ఆగి, ఒక పక్కకు ఒరిగి, మళ్లీ నిటారుగా లేచి, మళ్లీ ఒరిగాయి. ఇత్తడి రంగు ఒళ్లు, నిలువు చారలు, ఎర్రటి కన్ను. ఒకదాన్ని పొట్ట కింద చెయ్యి పెట్టి, మొప్పల్లోకి నీళ్లు పోయేలా ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించింది. నాలుగు నిమిషాలకు అది కదిలింది. అప్పటికి ఇంకో తొట్టి వంచేశారు.

ఆమె వేదిక దగ్గరకు వెళ్లింది.

"టోలివర్ గారూ, పైకెత్తి పట్టుకోవడం ఆపించండి. పొద్దున్నే చెప్పాను."

రస్ మైకు పక్కకు తియ్యకుండానే జవాబిచ్చాడు. "ఫొటో లేకపోతే వీళ్ల పెళ్లాలు నమ్మరమ్మా. పొద్దుటి నుంచీ బీరు షాపులో కూర్చున్నావంటారు."

వరసలో వాళ్లంతా నవ్వారు. నెడ్రా నవ్వలేదు. ఈ పోటీ వాయిదా వెయ్యమని పది రోజుల కిందటే పై ఆఫీసుకు రాసింది. అనుమతి ఎప్పుడో ఇచ్చేశాం, ఇప్పుడు కుదరదని కెప్టెన్ ఫోనులో చెప్పాడు. చేపలు ఎక్కువగా చనిపోయినట్టు రుజువు చూపిస్తే వచ్చే పోటీకి అనుమతి ఆపుతాననీ అన్నాడు.

రేవు పైన చెట్టు నీడలో బెంచీ మీద ఆర్విల్ మీడర్, డెల్మర్ కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఒకే గనిలో పనిచేసి ఒకే ఏడాది బయటికొచ్చినవాళ్లు. ఆర్విల్‌కు డెబ్బై నాలుగు. ముక్కులోకి పోయే సన్నటి గొట్టం, కాళ్ల దగ్గర చిన్న ఆక్సిజన్ సిలిండరు. కుడి చేతి వణుకు కనపడకుండా దాన్ని ఎడమ చంకలో పెట్టుకుని కూర్చుంటాడు. నెడ్రాకు ఆరేళ్లప్పుడు ఈ నదిలో గాలం వెయ్యడం నేర్పింది అతనే.

"ఆర్విల్, నువ్వూ పేరివ్వాల్సింది," అంటున్నాడు డెల్మర్. "వణుకుడు చేతుల వాళ్లకు వేరే బహుమతి పెట్టేవాళ్లు."

"శనివారం వాళ్లను పట్టుకోనీ. నాది ఆదివారం."

"ఆ చేతులతో గాలానికి ముడి పడుతుందా అని."

"చేప వచ్చి ముడి చూస్తుందా, డెల్మర్? ఎర చూస్తుంది. రేపు మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని నువ్వే వస్తావుగా, అప్పుడు అడుగు."

కొండ మీద ఆర్విల్ ఉండే సందులో తొమ్మిది ఇళ్లు. వేసవిలో ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆ తొమ్మిది ఇళ్లవాళ్లకూ ఆర్విల్ ఇంటి ముందే భోజనం. మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించిన చేప, ఉల్లిపాయ, రొట్టె. పదిహేనేళ్లుగా అది తప్పలేదు.

"ఈ వేడిలో ఎందుకు కూర్చున్నావు బాబాయ్?" అంది నెడ్రా.

"చూద్దామని. ఏమ్మా, నీళ్లు ఎంత చూపిస్తున్నాయి?"

"ఎనభై ఆరు."

ఆర్విల్ రేవు వైపు చూశాడు. "అయితే రాత్రికి సగం పోతాయి," అన్నాడు.

*

ఆదివారం తెల్లవారుతుండగా నెడ్రా మిల్లు మలుపు దగ్గర జీపు ఆపి, పొదల్లోంచి ఒడ్డుకు దిగింది. రేవుకు మైలు దిగువన నది అక్కడ వంపు తిరుగుతుంది. పైనుంచి కొట్టుకొచ్చినదంతా ఆ మడుగులోకి చేరుతుంది. చచ్చిన చేపలను లెక్కపెట్టి, ఫొటోలు తీసి కెప్టెన్‌కు పంపాలని వచ్చింది. పొగమంచు కింద నీళ్ల మీద తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. కెమెరా తియ్యబోయి ఆగింది.

మడుగు అవతలి అంచున ఆర్విల్ అల్యూమినియం పడవ ఉంది.

అతను గాలానికి ముడి వేసుకుంటున్నాడు. దారం కొస కొక్కెం కన్నంలోకి దూరడం లేదు. మోచేతులు రెండూ మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి ప్రయత్నించాడు. ఊపిరి ఎక్కువసేపు నిలవక దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి దారం దూరింది. ముడిని పళ్లతో లాగాడు. డబ్బాలోంచి నల్లటి కొరికే పురుగును తీసి మెడ వెనకగా గుచ్చాడు. రాళ్ల కింద వెతికి తెచ్చుకునే ఆ పురుగు ఎప్పుడూ అతని డబ్బాలో ఉంటుంది. కర్ర వెనక్కి వంచి విసిరాడు.

ఒకప్పుడు నది సగం వెడల్పు దాటి, అనుకున్న రాయికి జానెడు దూరంలో పడేది ఆ విసురు. ఇవాళ పడవకు రెండు బారల దూరంలో పడింది.

రెండోసారి, మూడోసారి విసిరాడు. నాలుగోసారి చేప తగిలింది. కర్ర కొస వంగడం నెడ్రాకు ఇవతలి ఒడ్డు నుంచే కనిపించింది. ఆర్విల్ కర్ర పైకి లాగాడు, కానీ చెయ్యి వణికి దారం ఒక్క క్షణం వదులైంది. బాస్ నీళ్ల మీదికి ఎగిరి తల విదిలించి గాలాన్ని ఊడదీసుకుపోయింది. అతను ఖాళీ దారాన్ని మెల్లగా చుట్టుకున్నాడు. గాలం చేతికొచ్చాక దాని వైపు చూడలేదు. కర్రను పడవలో పడుకోబెట్టి, చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

ఆ తర్వాత చేతి వల తీశాడు.

తెడ్డుతో పడవను మడుగులోకి నెట్టుకుంటూ, తేలుతున్న చేపల్లోంచి ఒక్కొక్కదాన్నీ వలతో ఎత్తి చూశాడు. మొప్ప కింద బొటనవేలు పెట్టి తెరుస్తాడు. మొప్ప తెల్లబడి ఉంటే నీళ్లలోకి వదిలేస్తాడు. ఎర్రగా ఉండి, ఇంకా ఆడుతుంటే, కత్తి పిడితో తల మీద ఒక్క దెబ్బ వేసి మంచు ముక్కల బకెట్లో పెడతాడు. తొందర పడలేదు. చుట్టూ కూడా చూడలేదు.

నెడ్రా కెమెరాను సంచిలో పెట్టేసింది. గులకరాళ్లు చప్పుడు కాకుండా ఒక్కో అడుగూ చూసి వేస్తూ వెనక్కి నడిచింది. జీపెక్కి, తలుపు గట్టిగా వెయ్యకుండా దగ్గరికి లాక్కుంది.

*

పన్నెండున్నరకు కెప్టెన్ ఫోను చేశాడు.

"కొండ మీద సందులో ఒక ముసలాయన దగ్గర వదిలెయ్యాల్సిన సైజు బాస్ బకెట్ నిండా ఉన్నాయట. రస్ టోలివర్ చెప్పాడు. వంతెన మీంచి ఆయన పడవను ఫొటో కూడా తీశాడట. వెళ్లి చూడు."

"ఈ ఉదయం నదిలో ఎన్ని చేపలు తేలాయో టోలివర్ చెప్పాడా సార్?"

"అది వేరే విషయం. రుజువుంటే పంపు. ముందు దీన్ని చూడు."

ఆమె వెళ్లేసరికి ఇనప మూకుడులో నూనె పొగలు కక్కుతోంది. బల్లల దగ్గర ఇరవై మంది దాకా ఉన్నారు, సగం పళ్లేలు నిండి ఉన్నాయి. ఆర్విల్ చెక్క పలక ముందు నిలబడి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, చివరి చేపకు వెన్నెముక పక్కగా కత్తి దించుతున్నాడు. చేపలు పట్టడం చేతకాకపోయినా చెక్కడం ఇంకా వచ్చు. మాంసం ఒక్క పొరలా విడిపోయింది. యూనిఫారంలో ఉన్న నెడ్రాను చూసి మాటలు ఒక్కో బల్ల దగ్గరా ఆగిపోయాయి.

"తింటావా?" అన్నాడు ఆర్విల్.

"బకెట్ చూడాలి బాబాయ్."

చెక్కగా మిగిలిన ఎముకలు, తలతో తోకతో సహా బకెట్లో ఉన్నాయి. ఆమె వంగి ఒక్కొక్కదాన్నీ కొలబద్ద మీద పరిచింది. ఈ నదిలో పద్నాలుగు అంగుళాలు దాటిన బాస్‌ను ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు. పదహారు. పదిహేడున్నర. పదిహేను. మొత్తం పదకొండు. పదకొండు తోకల మీదా గుండ్రటి చిల్లు.

ఆమె లేచి నిలబడకుండానే గొంతు తగ్గించి చెప్పింది. "బాబాయ్, నదిలో తేలుతుంటే ఏరుకున్నానని ఒక్క మాట చెప్పు. హెచ్చరిక రాసి వెళ్లిపోతాను. ఆ అధికారం నాకుంది."

ఆర్విల్ కత్తిని గుడ్డకు తుడిచాడు. పక్క బల్ల దగ్గర డెల్మర్ నమలడం ఆపి ఇటే చూస్తున్నాడు.

"పట్టాను," అన్నాడు ఆర్విల్, అందరికీ వినపడేలా. "తెల్లారి పట్టాను. కొలత చూసుకోలేదు. తప్పు నాదే. రాసుకో."

ఆమె రాసింది. సంతకం పెట్టేటప్పుడు కాగితం కదలకుండా రెండు వైపులా తనే పట్టుకుంది. నిబంధన ప్రకారం పళ్లేల్లో చేపనూ స్వాధీనం చేసుకోవాలి. ఆ మాట ఎత్తలేదు. పదకొండు తోకలు మాత్రం కోసి, సంచిలో వేసి, సీలు చేసి తీసుకెళ్లింది. రుజువు దొరికిందని ఆ సాయంత్రం కెప్టెన్‌కు ఫోనులో చెప్పింది.

*

కోర్టు గురువారం. బుధవారం సాయంత్రం పని దిగాక నెడ్రా యూనిఫారం మార్చుకుని కొండ ఎక్కింది. ఆర్విల్ వరండాలో కూర్చుని చినిగిన వల కళ్లకు ముళ్లు వేస్తున్నాడు. ఒక్కో ముడికి నిమిషం పడుతోంది.

"రేపటి సంగతి చెబుదామని వచ్చాను," అంది. "తోకలన్నీ ఫ్రిజ్‌లో ఉన్నాయి. చిల్లులు చూపిస్తే చాలు, అవి పోటీలో తూచిన చేపలని మేజిస్ట్రేటుకు తెలిసిపోతుంది. నీ కేసు కొట్టేస్తారు. కెప్టెన్ రుజువు అడుగుతున్నాడు కదా, అదే రుజువు. వేసవి అయ్యేదాకా టోలివర్‌కు ఇంకో పోటీ ఉండదు."

"బాగా ఆలోచించావు."

"నువ్వు ఏరుకున్నానంటే చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

ఆర్విల్ వల పక్కన పెట్టాడు. గొట్టం ముక్కులో సరిచేసుకున్నాడు.

"ఆదివారం పొద్దున నువ్వు అక్కడున్నావా?"

ఆమె దాచాలనుకోలేదు. "ఉన్నాను."

"ఎప్పటినుంచి?"

నెడ్రా నేల వైపు చూసింది. "నువ్వు వల తీసిన దగ్గర్నుంచి."

"అంతకుముందు చూడలేదుగా."

"లేదు."

అతను తల ఊపాడు. నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు.

"పోయిన వేసవి సగం నుంచీ ఇంతే," అన్నాడు. "పోటీ అయిన మర్నాడు ఏరుకొస్తున్నాను. పోటీ లేని వారం పట్టణానికి పోయి కొనుక్కొచ్చాను, రెండుసార్లు. ఈ సందులోవాళ్లు నా చేప తిన్నామనుకుంటారు. డెల్మర్‌గాడు ఎంత వాగినా తిన్నాక పళ్లెం నాకుతాడు. వాళ్లకు ఎవడో పారేసిన చేప పెట్టానని రేపు కోర్టులో నా నోటితో చెప్పమంటావా?"

"చెప్పకపోతే చేపలు పట్టే లైసెన్సు పోతుంది బాబాయ్. రెండేళ్లు. రెండేళ్లంటే నీకు..."

"నాకు లెక్కొచ్చు."

"నది సంగతో? ప్రతి వారం ఇలా చావాల్సిందేనా?"

ఆర్విల్ గొంతు బాగా తగ్గించాడు.

"నీ పెట్టెలో ఉన్నది నువ్వు చూపించుకో అమ్మాయ్. అది నీ ఉద్యోగం. నేను అడ్డుపడను. నన్ను మాత్రం ఏమీ అనమనకు."

వెళ్లేటప్పుడు మెట్ల దాకా వచ్చాడు. ఆమె రెండు మెట్లు దిగాక, నిలబడటానికి వరండా స్తంభం పట్టుకున్నాడు.

*

గురువారం పొద్దున్న నెడ్రా తోకలున్న మంచు పెట్టెను కోర్టు హాల్లో తన కుర్చీ కింద పెట్టుకుంది. సందులోవాళ్లు చాలామంది వచ్చారు. డెల్మర్ చర్చికి వేసుకునే కోటు వేసుకొచ్చాడు. రెండో వరసలో రస్ టోలివర్ టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చుని, ఆమె వైపు, ఆమె కాళ్ల దగ్గరి పెట్టె వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

మేజిస్ట్రేటు యాభై ఏళ్లావిడ. కళ్లజోడు మీంచి చూస్తూ అడిగింది. "మీడర్ గారూ, ఈ చేపలు మీరు పట్టారని ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నానండి."

"పదకొండూ?"

"పదకొండూ నేనే పట్టానండి."

ఆవిడ కాగితం తిరగేసింది. "ఊళ్లో ఇంకో మాట వినపడుతోంది. శనివారం పోటీలో చనిపోయిన చేపలేమోనని. అదే నిజమైతే ఈ కేసు ఇలా ఉండదు. ఇంకొందరిని పిలిపించాల్సి వస్తుంది. అధికారి విక్‌లైన్, మీరు విచారించారు కదా. ఈయన చేపలు పట్టడం ఎవరైనా చూశారా?"

నెడ్రా లేచి నిలబడింది. ఆర్విల్ ఆమె వైపు తిరగలేదు. అతని మెడ వెనక భాగం కనిపిస్తోంది. క్షవరం చేయించుకుని వచ్చాడు. గొట్టం చెవుల మీదుగా వెనక్కి పోయి చొక్కా కాలరు లోపలికి దిగింది. కుడి చెయ్యి చంకలో ఉంది. డెల్మర్ ముందుకు వంగి కూర్చున్నాడు. పక్కింటి ఆవిడ ఒడిలో చేతులు ముడుచుకుంది. ఒక్క మాట చెప్పి, వంగి పెట్టె మూత తెరిస్తే చాలు.

"నేను చూశాను," అంది నెడ్రా. "ఆదివారం ఉదయం మిల్లు మలుపు దగ్గర. ఈయన ఒక్కో చేపా నీళ్లలోంచి పడవలోకి తీయడం నా కళ్లతో చూశాను."

"అవి బతికే ఉన్నాయా?"

"మొప్పలు ఆడుతున్నాయండి."

"ఇంకేమైనా చెప్పాలా?"

పెట్టె ఆమె మడమకు చల్లగా తగులుతోంది.

"లేదండి."

మేజిస్ట్రేటు రెండేళ్లపాటు లైసెన్సు రద్దు చేసింది. ఆర్విల్ పర్సు తీశాడు. కార్డు అరలోంచి రావడానికి కొంత సమయం పట్టింది. హాల్లో ఎవరూ సాయం చెయ్యలేదు, ఎవరూ కదలనూ లేదు. చివరికి తీసి బల్ల మీద పెట్టాడు.

బయట వరండాలో సందులోవాళ్లంతా అతని చుట్టూ చేరారు. అందరికంటే ముందు డెల్మర్.

"పదకొండా? ఈ వేడి నీళ్లలోనా? దేంతో పట్టావురా?"

ఆర్విల్ గోడకు ఆనుకున్నాడు. ఊపిరి అందేదాకా ఆగి, మొదలుపెట్టాడు.

"మలుపు పై అంచున రాతి గట్టు ఉంది చూడు, ఉరవడి నీళ్లు తగిలి చీలిపోయే చోట. వేడిగా ఉన్నప్పుడు బాస్ మడుగులో ఉండదు. అక్కడ ఉంటుంది, నురగ కింద, గాలి ఎక్కువ దొరుకుతుందని. నల్ల పురుగును మెడ వెనక గుచ్చాలి. బరువు కట్టకూడదు. గట్టుకు పైన వెయ్యి, కింద వెయ్యకు. ప్రవాహమే దాన్ని దొర్లించుకొస్తుంది. దారం బిగిసినప్పుడు లాగకు. లాగితే పోతుంది. ఒక్క క్షణం ఆగాలి. అది పట్టుకుని తిరుగుతుంది. తిరిగినప్పుడు..."

అతను చంకలోంచి కుడి చెయ్యి తీసి, లేని కర్రను పట్టుకుని, మణికట్టు తిప్పి చూపించాడు. చెయ్యి వణుకుతోంది. ఎవరూ ఆ వణుకు వైపు చూడలేదు. వెళ్లిపోబోతున్న రస్ టోలివర్ కూడా టోపీ పెట్టుకుంటూ ఆగిపోయి వింటున్నాడు.

"గట్టుకు ఏ పక్కన?" అని అడిగాడు రస్.

"ఎడమ పక్కన," అన్నాడు ఆర్విల్. "పొద్దెక్కకముందు."

డెల్మర్ వెనక్కి తిరిగి నెడ్రాను చూశాడు. "మొత్తం చూశావా అమ్మాయ్? నిజంగా ఇలాగే పట్టాడా?"

"ఇలాగే," అంది నెడ్రా.

రస్ ఆమెకు దారి ఇస్తూ పక్కకు జరిగాడు. భుజం మీద తట్టి, "మంచి పని చేశావమ్మా," అన్నాడు. ఆమె పెట్టె ఎత్తుకుని మెట్లు దిగింది. కరిగిన నీళ్లు మూల నుంచి కారి ఆమె ప్యాంటును తడిపాయి.

మధ్యాహ్నం ఆఫీసులో కెప్టెన్ ఆమె బల్ల మీద ఒక ఫారం పెట్టాడు. క్లబ్బువాళ్లు వచ్చే శనివారం పోటీకి అనుమతి అడిగారు. పై సగం నింపి, సంతకం పెట్టి పంపారు. కింది సగం ఆ ప్రాంతం అధికారి నింపాలి. గత పోటీ తర్వాత చేపలు చనిపోయినట్టు రుజువులు ఉన్నాయా, ఉంటే జతచేయండి, అని ఉంది. దాని కింద నాలుగు ఖాళీ గీతలు.

"రుజువు దొరికిందన్నావు ఆదివారం," అన్నాడు కెప్టెన్. "ఏమైంది?"

కోర్టులో పదకొండు చేపలూ ఆర్విల్ మీడర్ పట్టినవని ఆమె సాక్ష్యం చెప్పి నాలుగు గంటలైంది. ఇప్పుడు ఆ తోకలు ఏ కాగితానికి జతచేసినా, ఆ చిల్లులే ఆర్విల్‌ను అబద్ధాలకోరును చేస్తాయి.

నెడ్రా పెన్ను మూత తీసింది. మొదటి గీత మీద 'లేవు' అని రాసి, మిగతా మూడు గీతల మీదుగా అడ్డంగా ఒక గీత కొట్టి, సంతకం పెట్టింది.

కెప్టెన్ ఫారం తీసుకుని చూశాడు. "ఆ రోజు నీళ్లు ఎనభై ఆరని నువ్వే చెప్పావు."

"చెప్పాను."

"అయినా ఏమీ లేదా?"

"లేదు సార్," అంది. శనివారం ఎండ ఇంకా ఎక్కువుంటుందని ఉదయం రేడియోలో చెప్పారు.